మిరపలో నల్లికి లవంగ నూనె, నిమ్మగడ్డి నూనె పనిచేస్తాయా?

తమ్ముడు అడిగింది ఇది. ప్రత్తిపాడు దగ్గర రెండెకరాల తేజ మిరప, నాటి యాభై రోజులైంది. చిగుళ్ళు ముడుచుకుంటున్నాయి. కొట్లో ఇచ్చిన రెండు మందులు ఒకదాని తర్వాత ఒకటి కొట్టినా తగ్గలేదు. లవంగ నూనె, నిమ్మగడ్డి నూనె కలిపి కొడితే నల్లి మొత్తం పోతుందని వీడియోల్లో చెబుతున్నారు, నిజమేనా అన్నా? అది వేపనూనె లాంటిదేనా? విజయవాడలో అక్క బాల్కనీలో మల్లె మొక్కలకు బూజు గూడులా పడుతోంది, వాటికీ అదే కొట్టొచ్చా?

నేను పురుగుల శాస్త్రం చదివి పాతికేళ్ళు గుంటూరు చుట్టుపక్కల రైతులతో పనిచేశాను. ఇప్పుడు తాడికొండ దగ్గర ఎకరం మిరప, కాసిని కూరగాయలు సొంతంగా వేస్తున్నాను. ఈ నూనెలు నా చేలో నేనే కొట్టి చూశాను కాబట్టి చదివిందీ చూసిందీ కలిపి చెబుతాను. ఈ నూనెలు నల్లిని చంపుతాయి, అందులో అబద్ధం లేదు. కానీ తగిలిన నల్లినే చంపుతాయి, అదీ తగిలిన రోజే. ఈ రెండు మాటలు గుర్తుపెట్టుకుంటే ఎప్పుడు కొట్టాలో, ఎప్పుడు కొట్టినా దండగో నీకే తెలిసిపోతుంది.

అయితే నూనె కొనేముందు చేలోకి వెళ్ళు. ముడత ఎటువైపు ఉందో నువ్వు రాయలేదు. ఆకు అంచులు పైకి లేచి దోనెలా ముడుచుకుంటే అది పై ముడత, తామర పురుగుల పని. అంచులు కిందికి తిరిగి పడవను బోర్లించినట్టు ఉంటే అది కింద ముడత, తెల్లనల్లి పని. నల్లి పట్టిన మొక్కలో ఇంకో గుర్తు, ముదురు ఆకుల కాడలు ఎలుక తోకలా సన్నగా సాగుతాయి. ఆకులు చిన్నవై, పసుపు పచ్చగా మారి, మొక్క మొత్తం గిడసబారితే అది తెల్లదోమ తెచ్చే వైరస్. దానికి ఏ నూనె కొట్టినా ఆ మొక్క బాగుపడదు, పీకేయడమే. ఇక 2021లో మన ప్రాంతాన్ని ముంచిన నల్ల తామర పురుగు పూలలో దాక్కుంటుంది. దాన్ని చూసి నల్లి అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నీకు రెండుసార్లూ మందు పనిచేయకపోవడానికి కారణం మందు కాకపోవచ్చు. పురుగు వేరు, కొట్టిన మందు వేరు అయి ఉండొచ్చు.

ఒక ఇరవై రెట్ల భూతద్దం కొనుక్కో. మిరప వేసే రైతు జేబులో అది ఉండాలని నేను అందరికీ చెబుతాను. చివరి చిగురు కింద రెండో ఆకో మూడో ఆకో తుంచి, తిరగేసి, ఎండకు వాలుగా పట్టుకుని ఈనె పక్కన చూడు. తెల్లనల్లి మిల్లీమీటరులో ఐదో వంతు ఉంటుంది. ఉత్త కంటికి కనపడదు. అద్దంలో చూస్తే లేత పసుపు రంగులో, నీటిబొట్టులా మెరుస్తూ కదులుతుంది. గుడ్లు చూశావంటే మర్చిపోలేవు. కోలగా, పారదర్శకంగా ఉండి పైన వరసలు వరసలుగా తెల్లటి చుక్కలు, ముత్యాలు పొదిగినట్టు ఉంటాయి. కాసేపు ఓపికగా చూస్తే ఇంకో విచిత్రం కనపడుతుంది. మగ నల్లి చిన్నది, దాని కాళ్ళలో మాత్రం చురుకు ఎక్కువ. ఇంకా పూర్తిగా ఎదగని, కదలకుండా ఉన్న ఆడదాన్ని వెనక్కి ఎత్తిపెట్టుకుని లేత చిగురు వైపు మోసుకుపోతుంది. అది పెద్దదయ్యేసరికి కొత్త చిగురులో ఉంటుంది. మొక్క నుంచి మొక్కకు పోవడానికి తెల్లదోమ కాళ్ళు పట్టుకుని కూడా వెళ్తుంది. అందుకే తెల్లదోమ ఎక్కువైన చేలో నల్లి కూడా తొందరగా పాకుతుంది.

ఇంత ఎందుకు చెప్పానంటే, నల్లి ఎక్కడుంటుందో తెలియకుండా నూనె గురించి మాట్లాడి లాభం లేదు. అది ఆకు అడుగున, ముడుచుకున్న చిగురు మడతల్లో ఉంటుంది. గుడ్డు నుంచి పెద్ద నల్లి కావడానికి వెచ్చటి వాతావరణంలో నాలుగైదు రోజులు చాలు. మబ్బు పట్టి, గాలిలో తేమ ఉంటే దానికి పండగే.

ఇప్పుడు వేపనూనె సంగతి. రెండూ ఒకటి కాదు. వేపనూనె, కానుగ నూనె గింజను గానుగలో ఆడితే వచ్చేవి. జిడ్డుగా ఉంటాయి, కాగితం మీద వేస్తే మరక పోదు. లవంగ నూనె, నిమ్మగడ్డి నూనె, వాము నూనె, నీలగిరి తైలం, పుదీనా నూనె ఇవన్నీ ఆవిరి పట్టి తీసిన సుగంధ తైలాలు. వాసనే వాటి పని. మూత తీసి పెడితే ఎగిరిపోతాయి. వేపలో ప్రధానంగా పనిచేసే అజాడిరక్టిన్ పురుగు తిండి, ఎదుగుదల చెడగొట్టి మెల్లిగా పనిచేస్తుంది. సుగంధ తైలం నరాల మీద దెబ్బ కొడుతుంది. లవంగంలో ఉండే యూజినాల్, వాములో ఉండే థైమాల్, నిమ్మగడ్డిలో ఉండే సిట్రాల్, నీలగిరిలో ఉండే సినియోల్ ఇలా ఒక్కో నూనెకు ఒక్కో ముఖ్యమైన సరుకు. పురుగుల్లో, నల్లుల్లో నరాల సందేశం మోసే ఆక్టోపమైన్ అనే పదార్థం ఉంటుంది. యూజినాల్ లాంటివి ఆ వ్యవస్థను తికమక పెడతాయని శాస్త్రవేత్తలు చూపించారు. మన ఒంట్లో ఆ పదార్థానికి పెద్ద పాత్ర లేదు. అందుకే నల్లి వణికి చచ్చే మోతాదు మనల్ని అంతగా బాధించదు. దాంతోపాటు నూనె నల్లి పైపొరను చెడగొడుతుంది, గాలి పీల్చే రంధ్రాలను కమ్మేస్తుంది. చావగా మిగిలినవి కూడా ఆ వాసనకు ఆకు వదిలి పోతాయి, గుడ్లు తక్కువ పెడతాయి.

అలాంటప్పుడు ఈపాటికి అందరూ ఇదే కొట్టాలి కదా అని అడుగుతావు. ఇక్కడే అసలు సంగతి ఉంది.

తేనెటీగల పెట్టెల్లో వరోవా అని ఒక నల్లి పడుతుంది. దాన్ని తగ్గించడానికి థైమాల్ పెట్టడం చాలా దేశాల్లో ఏళ్ళ తరబడి నడుస్తున్న పద్ధతి. తేనెటీగలు బతుకుతాయి, నల్లి చస్తుంది. ఎందుకంటే పెట్టె మూసి ఉంటుంది. ఆవిరి లోపలే రోజుల తరబడి నిలబడుతుంది. ప్రయోగశాలలో కూడా అంతే, మూతపెట్టిన గాజు పళ్ళెంలో ఆకు ముక్క, దాని మీద పది నల్లులు, ఒక బొట్టు నూనె. మర్నాటికి అన్నీ చచ్చి ఉంటాయి. ఆ లెక్కలనే వీడియోలో చదివి నూటికి తొంభై పైన చచ్చాయని చెబుతారు. మరి నీ చేలో మూత ఎక్కడుంది? పొద్దున పది దాటితే గాలి, ఎండ. ఆకు మీద పడ్డ నూనె గంటల్లో ఎగిరిపోతుంది. ఒకటి రెండు రోజుల తర్వాత ఆ ఆకు మీద నల్లిని ఆపేదేమీ మిగలదు. గుడ్లలో చాలావరకు బతుకుతాయి, మూడో రోజుకు పిల్లలు బయటికొస్తాయి. పాలీహౌస్‌లో, నెట్ కింద పెంచే నారులో ఈ నూనెలు ఆరుబయటకన్నా బాగా పనిచేయడానికి కూడా ఇదే కారణం. నారు దశలో వాడమని నేను గట్టిగా చెబుతాను. అప్పుడు మొక్క చిన్నది, ఆకు అడుగు అందుతుంది, ఖర్చు కూడా తక్కువ.

ఇంకో విషయం. కెనడాలో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్ళు 2006లో రోజ్‌మేరీ నూనెను చిక్కుడు మీద, టమాటా మీద ఎర్రనల్లికి (ఇది గూడు అల్లే ఇంకో రకం నల్లి) పెట్టి చూశారు. నూనెలోని సరుకులను విడివిడిగా తీసి ఇస్తే ఏ ఒక్కటీ మొత్తం నూనె అంత పనిచేయలేదు. పైగా ఏ సరుకు ఎక్కువ పనిచేస్తుందనేది మొక్కను బట్టి మారింది. మన రైతుకు ఇందులో రెండు పాఠాలున్నాయి. ఒకటి, చిక్కుడు మీద పనిచేసిన మోతాదు మిరప మీద అలాగే పనిచేస్తుందని లేదు. రెండు, అన్నీ కలిసి ఉన్నప్పుడే బలం. పురుగు అలవాటు పడటం విషయంలో కూడా ఇది నిజం. పేనుబంకను తరం తర్వాత తరం ఒక్క అజాడిరక్టిన్ మీద పెంచితే తట్టుకోవడం నేర్చుకుంది, పూర్తి వేప సారం మీద పెంచినవి నేర్చుకోలేదని 1995లోనే చూపించారు. ఎర్రనల్లి మందులకు అలవాటు పడటంలో ప్రపంచంలోనే ముందుంది. కాబట్టి పదిరకాల సరుకులు కలిసున్న నూనెను మన చేతిలో ఒక ఆయుధంగా ఉంచుకోవడం మంచిదే.

ఇక నేను చేసిన తప్పు చెబుతాను, నువ్వు చేయకుండా ఉంటావని. మొదటిసారి లీటరుకు 10 మి.లీ. లవంగ నూనె పోసి, సబ్బు నీళ్ళతో కలిపి పొద్దున పదింటికి కొట్టాను. మా బోరు నీళ్ళు ఉప్పన. సబ్బు విరిగి తెల్లటి పొరకలు తేలాయి. నూనె పూర్తిగా కలవలేదు, బొట్లు బొట్లుగా పడింది. సాయంత్రానికి చిగురు ఆకుల మీద బొట్టు పడ్డచోటల్లా వేడినీళ్ళు చల్లినట్టు ముదురు పచ్చ మచ్చలు లేచాయి. మర్నాటికి అవి గోధుమ రంగుకు తిరిగి కాగితంలా ఎండిపోయాయి. రెండు సాళ్ళ మిరప పూత రాల్చేసింది. తర్వాత చదివితే తెలిసింది, లవంగ నూనెను గాఢంగా కలిపి కలుపు మొక్కలను మాడ్చడానికే సేంద్రియ సేద్యంలో వాడతారని. నల్లిని చంపే మోతాదుకూ మొక్కను మాడ్చే మోతాదుకూ మధ్య ఎడం చాలా తక్కువ. దాల్చిన చెక్క నూనె కూడా అంతే. ఆ రెండు సాళ్ళను రోజూ చూసుకుంటూ ఆ సీజన్ గడిపాను.

అప్పటి నుంచి నేను లీటరుకు 3 మి.లీ. మించను. లవంగం అయితే 2 మి.లీ.తో మొదలుపెడతాను. మిరపకు నిమ్మగడ్డి నూనె నాకు ఎక్కువ నచ్చింది. లవంగం కన్నా చవక, ఆకు మాడటం తక్కువ. ఎండ తగ్గాక, సాయంత్రం ఐదు దాటాక కొడతాను. పగలు 35 డిగ్రీలు దాటే రోజుల్లో అసలు కొట్టను. ముందు పది మొక్కలకు కొట్టి రెండు రోజులు ఆగి, చిగురు బాగుంటేనే మిగతా చేలోకి వెళ్తాను. ఈ రెండు రోజులు ఆగడం ఎవరికీ ఇష్టం ఉండదు. నాకూ టెన్షన్‌గానే ఉంటుంది, కానీ ఆగాలి.

కలపడమే సగం పని. నూనె, నీళ్ళు వాటంతట అవి కలవవు. వాటిని కలిపే పాలీసార్బేట్ 80 అనే పదార్థం రసాయనాల కొట్లలో దొరుకుతుంది, ఆహార పదార్థాల్లో కూడా వాడేదే. నూనెకు సగం నుంచి సమానం దాకా అది పోసి, బాగా కలిపి, ఆ తర్వాత కొంచెం కొంచెం నీళ్ళు పోస్తూ కర్రతో తిప్పితే పాలలా తెల్లగా అవుతుంది. అప్పుడే ట్యాంకులో పోయాలి. అది దొరక్కపోతే కుంకుడు కాయలు చితగ్గొట్టి రాత్రంతా నానబెట్టి, పల్చటి బట్టలో రెండుసార్లు వడకట్టిన రసం వాడు. వడకట్టకపోతే నాజిల్ మూసుకుపోతుంది. మన బోరు నీళ్ళకు బట్టల సబ్బు వద్దు. కలిపింది సరిగ్గా కలిసిందో లేదో తెలియాలంటే గాజు సీసాలో కొంచెం తీసి అరగంట కదలకుండా పెట్టు. పైన నూనె వలయం తేలితే, లేదా అడుగున బొట్లు దిగితే కొట్టొద్దు.

నూనె అసలుదో కాదో చూసే పద్ధతి కూడా చెబుతాను. లవంగ నూనె నీటికన్నా బరువు, గ్లాసు నీళ్ళలో బొట్టు వేస్తే అడుగుకు దిగాలి. నిమ్మగడ్డి నూనె, నీలగిరి తైలం తేలాలి. తెల్ల కాగితం మీద ఒక బొట్టు వేసి ఒక రోజు వదిలేయి. జిడ్డు మరక అలాగే ఉండిపోతే అందులో వేరే నూనె కలిపారని అర్థం. ఈ నూనెలను ప్లాస్టిక్ సీసాలో, ఎండ తగిలే కిటికీలో పెట్టొద్దు. గోధుమ రంగు గాజు సీసాలో గానీ అల్యూమినియం డబ్బాలో గానీ చీకట్లో ఉంచాలి. పంపులోని రబ్బరు వాషర్లను కూడా ఇవి మెత్తబరుస్తాయి. అందుకే కొట్టగానే పంపు కడిగేయాలి.

కడిగిన నీళ్ళు చెరువులో, కాలవలో వదలొద్దు. లవంగ నూనెలోని యూజినాల్‌ను చేపలకు మత్తు ఇవ్వడానికే వాడతారు. కైకలూరు వైపు చేపల చెరువులున్న రైతులెవరైనా ఇది చదువుతుంటే ఈ మాట మరీ గుర్తుపెట్టుకోవాలి.

లెక్క వేసుకుందాం. యాభై రోజుల మిరపకు ఎకరానికి 200 లీటర్ల నీళ్ళు అనుకో. లీటరుకు 3 మి.లీ. చొప్పున 600 మి.లీ. నూనె. ఒకసారి కొట్టి వదిలేస్తే గుడ్లు పగిలి మళ్ళీ మొదటికే వస్తుంది కాబట్టి నాలుగైదు రోజుల్లో రెండోసారి తప్పదు. రెండెకరాలకు రెండుసార్లు అంటే 2.4 లీటర్ల నూనె. నీ ఊళ్ళో దొరికే ధరతో గుణించి చూసుకో. చాలామందికి ఇక్కడే ఆశ చల్లబడుతుంది. నా సలహా, మొత్తం చేను తడపొద్దు. నల్లి ఒక్కసారిగా చేనంతా పట్టదు, గట్ల పక్కన, చెట్ల నీడలో, గుంపులు గుంపులుగా మొదలవుతుంది. అలాంటి గుంపుల దగ్గర కర్రలు పాతి గుర్తు పెట్టుకుని, ఆ మొక్కలకూ చుట్టూ రెండు మూడు సాళ్ళకూ మాత్రమే కొట్టు. నాజిల్ పైకి తిప్పి ఆకు అడుగు తడిసేలా కొట్టాలి. పై నుంచి వాన కురిసినట్టు కొడితే వాసన వస్తుంది, నల్లి మాత్రం చావదు. తైవాన్ పంపుతో వేగంగా నడిచే కూలీ మనిషి ఈ పని చేయలేడు. ఈ ఒక్కటీ నువ్వే దగ్గరుండి చూసుకో.

ఇప్పుడు నీ చేను సంగతికి వద్దాం. భూతద్దంతో చూసి తెల్లనల్లి అని తేలిందనుకుందాం. చిగుళ్ళు కొంచెం కొంచెంగా మాత్రమే ముడుచుకుంటూ, అక్కడక్కడే ఉంటే నూనెతో మొదలుపెట్టు. రెండుసార్లు కొట్టి, అవే మొక్కల ఆకులు మళ్ళీ చూడు. చేనులో సగం మొక్కల చిగుళ్ళు బోర్లించిన పడవల్లా గట్టిగా ముడుచుకుపోయి ఉంటే నూనె మీద డబ్బు పెట్టొద్దు. ఆ మడతలోకి నూనె వెళ్ళదు. అప్పుడు నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు, అదీ లొంగకపోతే లాం ఫారం (గుంటూరు దగ్గరి వ్యవసాయ పరిశోధన స్థానం) వాళ్ళో మండల వ్యవసాయాధికారో సిఫారసు చేసే నల్లి మందు ఒకసారి వాడుకో. ఇది సేంద్రియానికి ద్రోహం అని ఎవరైనా అంటే అననివ్వు. పంట పోయాక అప్పు తీర్చేది నువ్వే. కానీ ఒక్క హెచ్చరిక. గంధకానికీ ఏ నూనెకూ కనీసం రెండు వారాల ఎడం ఉండాలి. ముందు నూనె కొట్టి వారంలో గంధకం కొట్టినా, గంధకం కొట్టి వెంటనే నూనె కొట్టినా ఆకు మాడిపోతుంది. వేపనూనెకు కూడా ఇదే వర్తిస్తుంది. కాబట్టి మొదలుపెట్టే ముందే ఏ దారిలో వెళ్తావో నిర్ణయించుకో.

ఇంకొకటి అడుగుతాను, నిజం చెప్పు. కొట్లో ఇచ్చిన ఆ రెండు మందుల్లో ఒకటి సైపర్‌మెత్రిన్ లాంటి సింథటిక్ పైరిత్రాయిడ్ రకం పురుగుమందు కాదు కదా? అవి నల్లిని పెద్దగా చంపవు. నల్లిని తినే మంచి నల్లులను, అక్షింతల పురుగులను మాత్రం ఊడ్చేస్తాయి. తర్వాత నల్లి విరగబడుతుంది. మన చేలల్లో నల్లి ఇంతగా పెరగడంలో ఈ మందులకు పెద్ద వాటా ఉందని నేను గట్టిగా నమ్ముతాను. సుగంధ తైలాలు కూడా తగిలితే మంచి పురుగులను చంపుతాయి. కానీ రెండు రోజుల్లో ఎగిరిపోతాయి కాబట్టి అవి గట్ల మీది నుంచి తిరిగి వస్తాయి. నిలవలేకపోవడం ఈ నూనెల బలహీనత అని ఇందాక చెప్పాను. మంచి పురుగుల వైపు నుంచి చూస్తే అదే బలం. కోత దగ్గరపడ్డాక కూడా ఇది కలిసొస్తుంది. కాయలో మందు అవశేషాలు ఉన్నాయని ఎగుమతిదారు సరుకు తిప్పి పంపినప్పుడు మిర్చి యార్డులో రైతు ముఖం చూసినవాడికి ఆ విలువ తెలుస్తుంది. మొదటి కోత తర్వాత వచ్చే నల్లికి నూనెలే సరైన దారి అని నా అభిప్రాయం.

కొట్లో దొరికే "బయో" సీసాల గురించి కూడా చెప్పాలి. మూడేళ్ళ కింద ఒకాయన లవంగ నూనె మందు అని ఒక సీసా ఇచ్చాడు. రాత్రికి రాత్రే నల్లి పోయింది. పన్నెండు రోజులు చేలో ఒక్కటి కనపడలేదు. అప్పుడు నాకు సంతోషం కలగలేదు, భయం వేసింది. సుగంధ తైలం పన్నెండు రోజులు నిలవదు. అందులో ఇంకేదో కలిసింది. సీసా మీద రిజిస్ట్రేషన్ నంబరు లేదు, బ్యాచ్ నంబరు లేదు, విరుగుడు ఏమిటో లేదు. ఆ చేలో కాయలు నేను ఇంట్లోకి వాడలేదు, సేంద్రియం అని ఎవరికీ అమ్మలేదు. అమెరికాలో 1996లో లవంగ, నిమ్మగడ్డి, రోజ్‌మేరీ, పుదీనా లాంటి నూనెలను తక్కువ ప్రమాదం ఉన్నవిగా గుర్తించి రిజిస్ట్రేషన్ అక్కర్లేకుండా చేశారు. దాన్ని చూపించి ఇక్కడ కూడా అక్కర్లేదని చెప్పేవాళ్ళున్నారు. మన దగ్గర 1968 నాటి పురుగుమందుల చట్టం ప్రకారం పురుగు మందు అని అమ్మే దేనికైనా రిజిస్ట్రేషన్ ఉండాలి. మొక్కకు బలం ఇచ్చే బయో స్టిమ్యులెంట్లను కూడా 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చారు. ఈ రెండింటిలో ఏ నంబరూ లేని సీసా ఎంత వాసన వచ్చినా కొనొద్దు. అమెరికాలో మినహాయింపు ఇచ్చింది కూడా మనిషికి ప్రమాదం తక్కువని, నల్లి చస్తుందని రుజువై కాదు. ఇది చాలామందికి తెలియదు.

ప్రకృతి నుంచి వచ్చింది కదా అని ఒంటి మీద పోసుకోవద్దు. యూజినాల్, దాల్చిన చెక్క నూనె చర్మాన్ని, కళ్ళను మండిస్తాయి. చేతికి తొడుగు, కంటికి అద్దాలు పెట్టుకోవాలి. దీనికన్నా నాకు ఎక్కువ భయం పొగాకు కషాయం. మన జిల్లాలో పొగాకు చేతికి అందుతుంది కాబట్టి మరిగించి కొట్టేస్తున్నారు. నికోటిన్ చర్మం నుంచే ఒంట్లోకి ఎక్కే విషం. పైగా పొగాకు పట్టుకున్న చేతులతో మిరపను తాకితే పొగాకులో ఉండే మొజాయిక్ వైరస్ మిరపకు అంటుకునే ప్రమాదం ఉంది. ఉన్న రోగానికి తోడు ఇంకోటి తెచ్చుకోవద్దు.

అక్క మల్లె మొక్కల సంగతి తేలిక. సన్నటి గూడు అల్లుతుంటే అది ఎర్రనల్లి, తెల్లనల్లి గూడు అల్లదు. విజయవాడ ఎండకు, బాల్కనీ పొడి గాలికి ఎర్రనల్లి బాగా పెరుగుతుంది. ముందు నూనె వద్దు. కుండీని పక్కకు వంచి, పైపు చివర బొటనవేలు నొక్కిపెట్టి నీళ్ళను గట్టిగా ఆకుల అడుగున కొట్టమను. మూడు రోజులకోసారి, రెండు వారాలు. సగానికి పైగా దాంతోనే కొట్టుకుపోతాయి. బాగా గూడు కట్టిన కొమ్మలు కత్తిరించి కవరులో కట్టి పారేయాలి. అప్పటికీ ఉంటే లీటరు నీటికి 2 మి.లీ. నిమ్మగడ్డి నూనె, 2 మి.లీ. పాలీసార్బేట్ కలిపి రాత్రి పూట ఒక కొమ్మకు కొట్టి చూసి, బాగుంటే మొత్తానికి కొట్టమను. మొగ్గలున్నప్పుడు మొగ్గల మీద పడకుండా చూసుకోవాలి. ఇంట్లో పిల్లి ఉంటే మాత్రం ఈ నూనెలేవీ బాల్కనీలో వాడొద్దని చెప్పు. చాలా సుగంధ తైలాలను పిల్లి కాలేయం విరిచేయలేదు, మొక్కకు ఒళ్ళు రాసుకుని నాక్కుంటే దానికి ప్రమాదం.

రేపు పొద్దున చేలోకి వెళ్ళి నాలుగు మూలల నుంచీ నడిమి నుంచీ ఐదేసి చిగుళ్ళు తీసి, ఆకు అడుగు భాగం దగ్గరగా ఫోటోలు తీసి పెట్టు. ముందు కొట్టిన రెండు మందుల లేబుళ్ళు కూడా పెట్టు. అవి చూశాక నూనెతో మొదలుపెట్టాలో, గంధకంతో మొదలుపెట్టాలో చెబుతాను. అప్పటిదాకా ఏమీ కొట్టొద్దు.